పిల్లి ముక్కుతోందా, పడుకుందా?

మా ఫ్లాట్ చిక్కడపల్లిలో, మూడో అంతస్తు. మే నెలలో ఒక రాత్రి మా పిల్లి బీరువా అడుగు అరలో, పాత చీరల మీద, మొదటి పిల్లను పెట్టింది. ఇంట్లో నలుగురం ఫోన్ లైట్లు వేసుకుని దాని చుట్టూ చేరాం. రెండోది రాలేదు. అరగంట అయింది, గంటయింది, మూడు గంటలయింది. అది మాత్రం పిల్లకు పాలిస్తూ హాయిగా కళ్ళు మూసుకుంది. టెన్షన్ అంతా మాకే. ఎదురింటి పెద్దమ్మ వచ్చి తొంగిచూసి, "ముందుగాల లైట్లు బంద్ చెయ్యిండ్రి. గిట్ల మీదపడి చూస్తుంటే అదెట్ల ఈనుతది?" అన్నది.

పెద్దమ్మ మాటలో శరీరశాస్త్రం ఉంది. పిల్ల కిందికి జారి గర్భసంచి ముఖద్వారం మీద ఒత్తిడి పెడితే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. దాంతో గర్భసంచి బిగుసుకుని పిల్లను ఇంకా కిందికి నెడుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పిల్ల బయటపడేదాకా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో తల్లికి భయం వేస్తే అడ్రినలిన్ పెరిగి, గర్భసంచి కండరం సడలి, నొప్పులు ఆగిపోతాయి. శత్రువు కంటపడితే ఉన్న పిల్లను నోట కరుచుకుని వేరే చోటికి పోవాలి కదా! ఈనిన పిల్లి ఏడిళ్ళు మారుస్తుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇలా ఆగిన కాన్పు పన్నెండు గంటలకో, ఇరవై నాలుగు గంటలకో మళ్ళీ మొదలై, మిగిలిన పిల్లలు క్షేమంగా పుట్టడం పిల్లుల్లో ఉన్నదే.

అందుకే "ఇంతసేపయింది, సాయం చేయాలా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. అది ముక్కుతోందా, పడుకుందా అని కూడా చూడాలి. పాలిస్తూ, పిల్లను నాకుతూ, పెట్టింది తింటూ స్థిమితంగా ఉంటే విశ్రాంతి తీసుకుంటున్నట్టే. పొట్ట కండరాలు బిగబట్టి గట్టిగా ముక్కుతూ ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట గడిచినా పిల్ల రాకపోతే ఇక వేచి చూడకూడదు, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఎర్రటి రక్తం ఆగకుండా కారుతున్నా, దుర్వాసన వచ్చే స్రావం కనిపించినా, తల్లి పిల్లల్ని పట్టించుకోకుండా నీరసంగా వాలిపోయినా అంతే. పర్షియన్ పిల్లి అయితే మొదటినుంచీ ఒక కన్నేసి ఉంచాలి. చప్పిడి మొహం, పెద్ద తల ఉన్న జాతుల్లో కాన్పు కష్టాలు ఎక్కువ.

తోక, వెనక కాళ్ళు ముందు కనిపిస్తే చాలామంది హడలిపోతారు. మనుషుల కాన్పులో అది సమస్యే గానీ, పిల్లుల్లో పది పిల్లల్లో మూడు నాలుగు అలాగే పుడతాయి. కాళ్ళు ముందుకు మడతపడి ఒక్క తోకే కనిపిస్తే మాత్రం ఇరుక్కునే ప్రమాదం ఉంది. సగం బయటికొచ్చిన పిల్ల పది నిమిషాలైనా కదలకపోతే, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడుతూనే, చేతులు కడుక్కుని శుభ్రమైన మెత్తటి గుడ్డతో దాని ఒంటిని పట్టుకోవచ్చు. కాలో తలో పట్టి లాగకూడదు. తల్లి ముక్కినప్పుడే, తల్లి కాళ్ళ వైపు కిందికి వంచినట్టుగా, మెల్లగా లాగాలి. అది ముక్కడం ఆపితే మన చెయ్యీ ఆగాలి.

నొప్పులు రావడానికి ఇంజెక్షన్ తెచ్చి ఇంట్లోనే పొడిచేద్దామనే వాళ్ళు కొందరుంటారు. ఆ పని అస్సలు చేయొద్దు. లోపల పిల్ల అడ్డం తిరిగి ఉంటే, ఆక్సిటోసిన్ బలవంతానికి గర్భసంచే చిరగవచ్చు. ఆ మందు ఇవ్వాలా, ఆపరేషన్ చేయాలా అన్నది స్కానో ఎక్స్‌రేయో చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. పిల్లి కడుపుతో ఉండేది దాదాపు 63 నుంచి 65 రోజులు. అరవయ్యో రోజుకల్లా రాత్రి పూట ఫోన్ ఎత్తే క్లినిక్ ఏదో కనుక్కుని నంబరు గోడకు అంటించుకోండి. అర్ధరాత్రి రెండింటికి అట్టపెట్టెలో పిల్లిని పెట్టుకుని హైదరాబాద్ వీధుల్లో బోర్డులు వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

మేం లైట్లు ఆర్పి, ఏసీ కూడా కట్టేశాం. మనకు ఉక్కపోసే గదే అప్పుడే పుట్టిన పిల్లకు హాయి. మొదటి వారం దానికి వణికి ఒళ్ళు వెచ్చచేసుకునే శక్తి ఉండదు, చుట్టూ ముప్ఫై డిగ్రీలైనా కావాలి. తెల్లారి తొమ్మిదింటికి నొప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఇరవై నిమిషాల్లో ఒకటి, మరో అరగంటకు ఇంకొకటి పుట్టాయి. మూడోదాని బొడ్డుతాడు కొరుకుతూ ఉండగానే నాలుగోది జారిపడింది, ఉమ్మనీటి సంచి చిరగకుండానే. పలచటి పొర లోపల చిన్న నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తోంది. తల్లి ఇటు తిరగలేదు. ఒక నిమిషం చూశాను, అంతకన్నా ఆగడానికి లేదు. ముక్కు దగ్గర పొరను వేళ్ళతో చీల్చి, మూతి తుడిచి, తల కాస్త కిందికి వంచి తువ్వాలుతో వీపు రుద్దాను. పాతకాలం వాళ్ళలా గిరగిరా ఊపలేదు. అలా ఊపితే మెదడుకు దెబ్బ తగలొచ్చు. కాసేపటికి కీచుమంది. తల్లి మూతి ముందు పెట్టగానే నాకడం మొదలుపెట్టింది. పిల్లతో పాటు బయటికొచ్చిన మాయను కూడా అదే తినేసింది.

మధ్యాహ్నం ఆ పిల్లను వంటింటి కాటా మీద తూచాను. 92 గ్రాములు. మర్నాడు 101. మూడో రోజు బీరువా ఖాళీ. నలుగురినీ మంచం కిందికి మార్చేసింది.