చేతితొడుగు నుంచి 21 బిందువుల దాకా: సైగలు నేర్చిన యంత్రం కథ

వేళ్ల కదలికను కంప్యూటర్‌కు అందించిన తొలి ప్రయత్నాల్లో ఒకదానిలో కెమెరా లేదు. 1977లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ శాండిన్, థామస్ డిఫాంటి ఒక చేతితొడుగు తయారుచేశారు. వేళ్ల వెంట వంగే గొట్టాలు, ఒక కొసన చిన్న దీపం, రెండో కొసన వెలుగును కొలిచే సెన్సర్. వేలు ముడిస్తే అవతలికి చేరే వెలుగు తగ్గుతుంది. 1980లలో వచ్చిన డేటాగ్లవ్ అనే తొడుగులో గొట్టాలకు బదులు ఆప్టికల్ ఫైబర్ చేరింది. కొలతలు బాగానే వచ్చేవి కానీ, తీగలు తగిలించుకోనిదే పని జరిగేది కాదు.

1990లలో ఆ భారం కెమెరా మీదికి మళ్లింది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో థాడ్ స్టార్నర్, అలెక్స్ పెంట్లాండ్ 40 పదాల పరిధిలో, అమెరికాలో బధిరులు వాడే అమెరికన్ సంజ్ఞాభాష వాక్యాలను వీడియోలోంచి గుర్తించే పద్ధతి రూపొందించారు. వాళ్లు వాడిన హిడెన్ మార్కోవ్ మోడల్ అప్పటికే మాటల గుర్తింపులో స్థిరపడిన గణితం. సైగ ఒక్క బొమ్మలో ఉండదు, కదలికల వరుసలో ఉంటుంది. ఒకరు వేగంగా, మరొకరు నెమ్మదిగా చేసినా అది ఒకే సైగ అని తేల్చగలగడమే ఆ గణితం బలం. 2010లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆటల కెమెరా కినెక్ట్ పరారుణ కిరణాలతో దూరాన్ని కూడా కొలిచి, చేతిని వెనుక దృశ్యం నుంచి విడదీయడం తేలిక చేసింది.

అసలు చిక్కు శిక్షణ దగ్గర వచ్చింది. ఉదాహరణలు చూసి నేర్చుకునే డీప్ లెర్నింగ్ పద్ధతికి, వేళ్ల కీళ్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిన ఫొటోలు కావాలి. పిడికిలి బిగిస్తే వేళ్లు ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయి, ఆ కీలు ఎక్కడుందో మనిషి కూడా కచ్చితంగా చెప్పలేడు. 2017లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి చక్కని మార్గం కనిపెట్టారు. చుట్టూ అనేక కెమెరాలు అమర్చి ఒకే క్షణాన్ని అన్ని కోణాల్లో చిత్రీకరించారు. కొన్ని కెమెరాలకు స్పష్టంగా కనిపించిన కీలు స్థానాన్ని త్రిమితీయంగా లెక్కగట్టి, అది కనిపించని ఫొటోల్లోనూ గుర్తు పెట్టారు. ఆ కొత్త గుర్తులతో మోడల్‌కు మళ్లీ శిక్షణ, మళ్లీ గుర్తులు. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన ఆలోచన మరొకటి లేదని నా అభిప్రాయం.

2019లో గూగుల్ విడుదల చేసిన మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనిని ఫోనులోకి తెచ్చింది. అది ముందు అరచేతిని వెతుకుతుంది, ఎందుకంటే వేళ్లలా దాని ఆకారం అంతగా మారదు. తర్వాత చేతిపై 21 బిందువులు గుర్తిస్తుంది. వాటి మధ్య దూరాలు, కోణాలు, క్షణక్షణం వచ్చే మార్పులే సైగను గుర్తించే మోడల్‌కు ముడిసరుకు. ఏది సైగ కాదో కూడా నేర్పాలి, లేకపోతే తల గోక్కున్నా యంత్రం ఆజ్ఞ అనుకుంటుంది. అందుకే సుమారు 1,48,000 సైగల వీడియోలున్న, శిక్షణకు వాడే జెస్టర్ సంకలనంలోని 27 వర్గాల్లో ‘సైగ లేదు’, ‘వేరే పనులు’ అనేవీ ఉన్నాయి.

చేతిని గుర్తించడం భాషను అర్థం చేసుకోవడం కాదు. 2016లో అమెరికాలో సంజ్ఞలను మాటలుగా మార్చే తొడుగులకు బహుమతి వచ్చినప్పుడు బధిరులు, భాషావేత్తలు అభ్యంతరం చెప్పారు. వారి వాదన పూర్తిగా న్యాయమైనది. అమెరికన్ సంజ్ఞాభాషలో అవును, కాదు అని బదులివ్వాల్సిన ప్రశ్నకు కనుబొమలు పైకి లేస్తాయి, తొడుగుకు అది కనిపించదు. 2023లో గూగుల్ నిర్వహించిన పోటీలో 250 సంజ్ఞలకు చేతులతో పాటు ముఖం, శరీరం బిందువులు కూడా ఇచ్చారు. అవి విడివిడి పదాలే. ధారగా సాగే సంభాషణలో ఒక సంజ్ఞ ముగింపు తర్వాతి దానిలో కలిసిపోతుంది. గాలిలో ఒక చోటు చూపి మనిషిని సూచించాక, ఆ చోటే అతని పేరుగా కొనసాగుతుంది. ఆ సంభాషణను యంత్రం ఇంకా నమ్మకంగా చదవలేకపోతోంది.