ఫైబ్రాయిడ్ ఎంత పెద్దదని కాదు, ఎక్కడ ఉందని అడగండి

"ఎన్ని సెంటీమీటర్లు ఉంటే తీయించాలి మేడమ్?"

గర్భాశయ కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ అనే గడ్డ గురించి గత నెలలో ఒక్క వారంలోనే ఐదుగురు నన్ను ఈ ప్రశ్న అడిగారు. ఐదుగురూ గర్భం కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. ఐదుగురి చేతుల్లోనూ స్కాన్ రిపోర్టు, అందులో ఒక అంకె చుట్టూ పెన్నుతో గీసిన సున్నా. ఆ అంకె పక్కనున్న వాక్యం ఎవరూ చదవలేదు. ఇద్దరి రిపోర్టుల్లో అయితే ఆ వాక్యమే లేదు. "5.2 సెం.మీ. ఫైబ్రాయిడ్" అని రాసి సంతకం పెట్టేశారు. చిరునామా లేని ఉత్తరం లాంటి రిపోర్టు అది. దాన్ని పట్టుకుని నేను ఏ నిర్ణయం చెప్పగలను?

అందుకే ఈ అపోహతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ కలిపి చేసే నష్టం కంటే ఇదొక్కటి చేసే నష్టమే ఎక్కువ.

అపోహ: గడ్డ పెద్దదైతే తీయించాలి, చిన్నదైతే వదిలేయవచ్చు.

పిండం అతుక్కునేది గర్భాశయం లోపలి గదిలో, ఆ గదికి ఉన్న మెత్తటి లోపొరలో. కాబట్టి గర్భం విషయంలో ఫైబ్రాయిడ్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న, "నువ్వు ఆ గది జోలికి వచ్చావా?" అని. 2011లో ఫిగో అనే స్త్రీవైద్య నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య ఫైబ్రాయిడ్లకు 0 నుంచి 8 వరకు రకాలు నిర్ణయించింది. పూర్తిగా గదిలోకి వేలాడేది 0. కొంత గదిలోకి, కొంత గోడలోకి ఉండేవి 1, 2. గోడలోనే ఉంటూ లోపొరను తాకేది 3. లోపొరను తాకకుండా గోడలోనే ఇరుక్కున్నది 4. బయటి వైపు పొడుచుకువచ్చేవి 5, 6. బయట కాడతో వేలాడేది 7. గర్భాశయ ముఖద్వారం లాంటి ఇతర చోట్ల ఉండేవి 8. ఈ లెక్కలో సెంటీమీటర్ల ప్రసక్తే లేదని గమనించారా?

0, 1, 2 రకాలను సబ్‌మ్యూకస్ అంటాం. గర్భం నిలవకుండా చేయడంలో, నిలిచినది జారిపోయేలా చేయడంలో వీటి పాత్ర మీద మాలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. బయటి వైపు పెరిగే సబ్‌సీరోజల్ గడ్డలు గర్భధారణను అడ్డుకుంటాయనడానికి ఆధారం దొరకలేదు. వాటిని తీయడం వల్ల అవకాశాలు పెరుగుతాయనడానికీ దొరకలేదు. అమెరికన్ సొసైటీ ఫర్ రిప్రొడక్టివ్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఇదే చెబుతుంది. లోపలి గది ఆకారాన్ని మార్చే గడ్డలకు శస్త్రచికిత్స ఆలోచించవచ్చు. ఆ గది సంగతి పక్కన పెడితే, ఫలానా పరిమాణం దాటినా, ఫలానా సంఖ్య దాటినా గర్భం అవకాశం తగ్గుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు.

ఇద్దరు స్త్రీల సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చాను.

మొదటి ఆమెకు 31 ఏళ్లు. గడ్డ 18 మిల్లీమీటర్లు. "ఇంత చిన్నదానికి కంగారెందుకు" అని మూడేళ్లపాటు అందరూ ధైర్యం చెబుతూ వచ్చారు. ఆ మూడేళ్లలో రెండు గర్భస్రావాలు. నెలసరిలో గడ్డలు గడ్డలుగా రక్తం పోయి హిమోగ్లోబిన్ 7కు పడిపోయింది. హిస్టరోస్కోపీలో, అంటే యోని ద్వారా గర్భాశయంలోకి సన్నటి కెమెరా పంపి చూస్తే, ఆ చిన్న గడ్డ గది నడిమధ్యన, గంటలో నాలుకలా వేలాడుతోంది. కడుపు మీద కోత లేకుండా అరగంటలో తీసేశాం. మూడేళ్లు పోయాయన్న కోపం మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

రెండో ఆమెకు 34. గడ్డ 7 సెంటీమీటర్లు. మరోచోట ఆపరేషన్ తేదీ కూడా ఖాయం చేసుకుని, చివరి నిమిషంలో భయం వేసి నా దగ్గరకు వచ్చింది. గడ్డ 6వ రకం, అంటే సగానికి పైగా బయటే. లోపలి గది నున్నగా, ఏ వంపూ లేకుండా ఉంది. నొప్పి లేదు, అధిక రక్తస్రావం లేదు. ఆమె భర్తకు వీర్య పరీక్ష చేయించారా అని అడిగాను. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేయించలేదు. చేయిస్తే అసలు ఇబ్బంది అక్కడ బయటపడింది.

ఒకే పొరపాటు. ఒకరికి అవసరమైన ఆపరేషన్ జరగలేదు, మరొకరికి అక్కర్లేని ఆపరేషన్ జరగబోయింది.

ఈ ఉపదేశం నేను పుట్టుకతో నేర్చుకున్నది కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒకామె "ఇది లోపల ఉండగా నాకు నిద్ర పట్టదు, తీసేయండి" అని పట్టుబట్టింది. 4 సెంటీమీటర్ల గడ్డ, వెనుక గోడలో, లోపొరకు దూరంగా. ఆమె ఆందోళన చూసి తీసేశాను. ఆపరేషన్ బాగా జరిగింది, నేనూ సంతోషించాను. ఏడాదిన్నర తర్వాత కూడా గర్భం రాకపోవడంతో లాపరోస్కోపీ చేసి, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం గుండా కెమెరాతో చూస్తే, నేను కుట్టిన చోట పేగు వచ్చి అతుక్కుని ఉంది, పక్కనే ఉన్న ఒక అండవాహిక (ట్యూబు) కూడా దానితో చిక్కుకుంది. వెనుక గోడ మీద కోతలకు ఈ అతుకులు ఎక్కువగా వస్తాయని పుస్తకంలో చదివే ఉన్నాను. చదవడం వేరు, మన చేతి పనిని మనమే చూడడం వేరు. అప్పటి నుంచి ఎవరైనా "తీసేస్తే పోలా?" అంటే, తీయడానికీ ఒక మూల్యం ఉంటుందని ముందే చెబుతాను.

మరి చోటు తెలిసేదెలా? కడుపు మీద నుంచి చేసే స్కాన్ సరిపోదు. యోని ద్వారా చేసే స్కాన్ కావాలి. లోపలి గది మీద అనుమానం ఉంటే గర్భాశయంలోకి కొద్దిగా సెలైన్ ఎక్కించి చేసే స్కాన్ గానీ, నేరుగా కెమెరాతో చూసే హిస్టరోస్కోపీ గానీ తేల్చేస్తుంది. గడ్డలు చాలా ఉంటే, లేదా అది ఫైబ్రాయిడా, లేక లోపొర కణజాలం గోడ కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిసా అన్న సందేహం ఉంటే ఎంఆర్ఐ ఉపయోగపడుతుంది. అడినోమయోసిస్‌ను ఫైబ్రాయిడ్ అనుకుని కోస్తే, ఒలిచి తీయడానికి అక్కడ అంచంటూ ఉండదు. రిపోర్టులో ఫిగో రకం లేకపోతే రాసివ్వమని అడగండి. మొహమాటపడవద్దు.

అపోహ: ఫైబ్రాయిడ్ కనిపించింది కాబట్టి గర్భం రాకపోవడానికి అదే కారణం.

కనిపించిన ప్రతిదీ దోషి అయితే మా పని ఎంత సులువయ్యేది! అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 50 ఏళ్లు వచ్చేసరికి శ్వేతజాతి స్త్రీలలో దాదాపు 70 శాతం మందిలో, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా ఫైబ్రాయిడ్లు ఉన్నట్టు తేలింది. ఫైబ్రాయిడ్లతోనే పిల్లల్ని కన్నవాళ్లు కోకొల్లలు, చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు. ఇక పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు లోపం ఉంటుంది, ఒంటరిగానో స్త్రీ వైపు కారణంతో కలిసో. అండం విడుదలవుతోందా, ట్యూబులు తెరిచి ఉన్నాయా, వీర్యం ఎలా ఉంది, ఈ మూడూ చూడకుండా ఫైబ్రాయిడ్ ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడం నాకు నచ్చదు. వీర్య పరీక్షకు కత్తి అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. అయినా భార్య ఆపరేషన్ బల్ల ఎక్కిన తర్వాత గానీ భర్త పరీక్షకు వెళ్లని ఇళ్లు ఎన్ని చూశానో!

మరికొన్ని త్వరగా చెప్పేస్తాను.

క్యాన్సర్‌గా మారుతుందా? ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. గర్భాశయ కండరంలో సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ ఉంది గానీ, అది చాలావరకు విడిగా పుట్టేదే తప్ప ఫైబ్రాయిడ్ ముదిరి అయ్యేది కాదు. నెలసరి ఆగిపోయిన తర్వాత కూడా పెరుగుతున్న గడ్డ విషయంలో నేను జాగ్రత్తపడతాను. గర్భం కోసం ప్రయత్నిస్తున్న వయసులో ఈ భయంతో నిద్ర మానుకోవద్దు.

మందులతో కరుగుతుందా? హార్మోన్లను అణచే ఇంజెక్షన్లతో తాత్కాలికంగా కుంచించుకుపోతుంది, ఆపగానే మళ్లీ పెరుగుతుంది. పైగా ఆ మందు వాడినంతకాలం గర్భం ప్రయత్నం సాగదు. ఆపరేషన్‌కు ముందు రక్తహీనత సరిచేసుకోవడానికి అది పనికొస్తుంది, అంతే. ఫోనులో తిరిగే "గడ్డను కరిగించే" కషాయాల గురించి నన్ను అడగవద్దు, నాకు రక్తపోటు పెరుగుతుంది.

గర్భసంచి మొత్తం తీసేస్తారా? గడ్డ మాత్రమే తీసి గర్భాశయాన్ని కాపాడే మయోమెక్టమీ నిన్నమొన్నటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే బ్రిటిష్ సర్జన్ విక్టర్ బానీ దీని కోసం గట్టిగా వాదించాడు. రక్తస్రావాన్ని అదుపు చేయడానికి ఆయన రూపొందించిన క్లాంపు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. అంగీకార పత్రంలో "అవసరమైతే గర్భాశయం తొలగింపు" అన్న మాట చూసి గుండె జారిపోతుందని తెలుసు. ప్రాణాపాయమైన రక్తస్రావం వస్తే తప్ప ఆ అవసరం రాదు, అది చాలా అరుదు.

గర్భం వస్తే గడ్డ విపరీతంగా పెరిగి బిడ్డను నలిపేస్తుందా? చాలా గడ్డలు పెద్దగా మారవు, పెరిగేవి ఎక్కువగా మొదటి నెలల్లోనే పెరుగుతాయి. కొందరికి నడుమ నెలల్లో గడ్డలో రక్తప్రసరణ తగ్గి తీవ్రమైన నొప్పి వస్తుంది, విశ్రాంతితో, మందులతో తగ్గుతుంది. బిడ్డ అడ్డం తిరగడం, ప్రసవానంతర రక్తస్రావం లాంటివి కొంచెం ఎక్కువ. వాటిని దృష్టిలో పెట్టుకుని గమనిస్తాం. ఇవి వస్తాయేమోనని ముందే కోయించుకోవడం మాత్రం తర్కం కాదు.

అపోహ: ఆపరేషన్ అయిపోతే ఇక ఏ చిక్కూ లేదు, మరుసటి నెల నుంచే ప్రయత్నించవచ్చు.

హిస్టరోస్కోపీ ద్వారా తీసినవాళ్లకు ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. ఒకటి రెండు నెలసరులు చూసి ప్రయత్నించవచ్చు. బయటి గోడ మీద కోత ఉండదు కాబట్టి మామూలు ప్రసవానికి అభ్యంతరం లేదు. 2వ రకం గడ్డ పెద్దదైతే రెండు విడతలు పట్టవచ్చు.

పొట్ట కోసిగానీ లాపరోస్కోపీతోగానీ గోడలోంచి తీస్తే కథ వేరు. కండరం మాని గట్టిపడడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటాం. గర్భం వచ్చాక ఆ కుట్టు విడిపోయే ప్రమాదం ఒక శాతం లోపే. కానీ విడిపోతే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదకు వస్తుంది, అది నొప్పులు మొదలుకాకముందే కూడా జరగవచ్చు. అందుకే కోత లోతుగా వెళ్లినవాళ్లకు, లోపలి గది తెరుచుకున్నవాళ్లకు నొప్పులు రాకముందే సిజేరియన్ చేస్తాం. ఇక్కడే ఒక చిన్న కాగితం గురించి చెప్పాలి. ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. ఎన్ని గడ్డలు, ఏ గోడలో, లోపలి గది తెరుచుకుందా లేదా, ఎన్ని పొరలుగా కుట్టారు. రెండేళ్ల తర్వాత మీ ప్రసవం చూసే డాక్టరుకు ఇవన్నీ కావాలి. డిశ్చార్జి కాగితం మీద "మయోమెక్టమీ చేయబడింది" అన్న ఒక్క ముక్కతో నా దగ్గరకు వచ్చేవాళ్లకు ఊహ మీద ఆధారపడి సిజేరియన్ చెప్పాల్సి వస్తోంది.

కొత్త గడ్డలు మళ్లీ రావచ్చు కూడా. కాబట్టి పెళ్లి ఆలోచన కూడా లేని అమ్మాయికి "ఎందుకైనా మంచిది" అని ఇప్పుడే తీయించడంలో నాకు అర్థం కనిపించదు, లక్షణాలు బాధిస్తుంటే తప్ప. అధిక రక్తస్రావం, నొప్పి, మూత్రాశయం మీద ఒత్తిడి ఉంటే అది వేరే లెక్క. అప్పుడు ఆపరేషన్ మీ ఆరోగ్యం కోసం, గర్భం సంగతి తర్వాత.

ఇక నిజంగా కష్టమైనది నడుమ ఉన్న గుంపు. గోడలో 5, 6 సెంటీమీటర్ల గడ్డ, లోపొరను తాకీ తాకనట్టు, మిగతా పరీక్షలన్నీ బాగానే. ఇలా గోడలో ఉండే ఇంట్రామ్యూరల్ గడ్డలు గర్భధారణ అవకాశాన్ని కొంత తగ్గిస్తాయని కొన్ని అధ్యయనాలు చెబుతాయి, వాటిని తీస్తే ఆ అవకాశం తిరిగి పెరుగుతుందని మాత్రం గట్టిగా చెప్పలేకపోతున్నాయి. ఇక్కడ నేను ఒకటి చెబితే మరో మంచి డాక్టరు మరొకటి చెప్పవచ్చు, ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేస్తున్నట్టు కాదు. తూకం వేయడానికి అప్పుడు వయసు వస్తుంది. 29 ఏళ్ల ఆమెకు ఆరు నెలలు ఆగడం ఒక లెక్క, 39 ఏళ్ల ఆమెకు మరో లెక్క. వయసు మీరినవారికి ఆపరేషన్ తప్పదనుకుంటే, ముందు ఐవీఎఫ్‌తో పిండాలను తయారుచేసి ఫ్రీజ్ చేసి, ఆ తర్వాత గడ్డ తీసి, గాయం మానేదాకా నిశ్చింతగా ఆగే దారి ఒకటుంది.

సరిగ్గా ఇలాంటి గడ్డతోనే, 33 ఏళ్ల ఒకామె పోయిన వారం అడిగింది: "ఇవన్నీ సరే మేడమ్, మీ సొంత చెల్లెలైతే ఏం చెబుతారు?" ముందు సెలైన్ స్కాన్ చేయించమంటాను, గది వంకర తిరగకపోతే ఆరు నెలలు గడ్డను మరిచిపోయి ప్రయత్నించమంటాను, అప్పటికీ రాకపోతే మళ్లీ కూర్చుందాం అంటాను అని చెప్పాను. మా చెల్లెలు నా మాట ఎప్పుడూ వినలేదని కూడా చెప్పాను. ఆమె నవ్వి, రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని, సెలైన్ స్కాన్‌కు నెలసరి అయ్యాక ఎన్నో రోజున రావాలో అడిగి రాసుకుంది.