ఓడిన్‌కు అన్ని పేర్లు ఎందుకు? పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు చిన్నూ, బుజ్జీలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. నార్స్ కథల్లో, అంటే ఉత్తర ఐరోపా పాత కథల్లో, ఒకచోట గ్రిమ్నిర్ అని, ఒకచోట బోల్వెర్క్ అని, ఇంకోచోట హార్బర్డ్ అని ఉంది, వీళ్లంతా ఆ కథల్లోని పెద్ద దేవుడు ఓడినేనా అని అడిగారు. అవును, అందరూ ఆయనే. ఐస్‌లాండ్, నార్వేల పాత కవితల్లోనూ గాథల్లోనూ ఆయనకు 150కి పైగా పేర్లు కనిపిస్తాయి. అన్నీ రాయను. కొన్నింటి వెనకున్న కథలు చెబుతాను.

ముందు గ్రిమ్నిర్ సంగతి. అందులో మీ ఈడు పిల్లవాడు ఒకడున్నాడు, అందుకే నాకు ఆ కథంటే ఇష్టం. ఓడిన్ చేరదీసి పెంచిన గైర్రోద్ పెద్దయ్యాక రాజయ్యాడు. "నీ గైర్రోద్ ఉత్త పిసినారి, ఇంటికి వచ్చినవాళ్లు ఎక్కువైతే హింసిస్తాడు" అని ఓడిన్ భార్య ఫ్రిగ్గ్ దెప్పింది. ఓడిన్ ఒప్పుకోలేదు. ఇద్దరూ పందెం కట్టారు. నిజానికి గైర్రోద్ పిసినారి కాడు, అది వట్టి నింద. కానీ ఫ్రిగ్గ్ ముందే తన చెలికత్తెను రాజు దగ్గరకు పంపింది. "ఒక మంత్రగాడు వస్తున్నాడు జాగ్రత్త, ఎంత పొగరుబోతు కుక్క అయినా అతని మీదికి ఉరకదు, అదే గుర్తు" అని చెప్పించింది. ఓడిన్ నీలం రంగు అంగీ కప్పుకొని వచ్చాడు. పేరు గ్రిమ్నిర్ అన్నాడు, అంటే ముసుగు వేసుకున్నవాడు. ఎంత అడిగినా అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. రాజు అతన్ని రెండు మంటల మధ్య ఎనిమిది రాత్రులు కూర్చోబెట్టాడు.

రాజు కొడుకు ఆగ్నార్‌కు పదేళ్లు. వాడొక్కడే ఆ ముసలాయన దగ్గరకు వెళ్లి, కొమ్ము నిండా తాగడానికి ఇచ్చి, ఏ తప్పూ చేయని మనిషిని నాన్న ఇలా బాధపెట్టడం మంచిది కాదన్నాడు. అప్పటికే మంట అంగీకి అంటుకుంటోంది. అప్పుడు నోరు విప్పాడు ఓడిన్. దేవతల ఇళ్ల గురించి, లోకాలను మోసే చెట్టు గురించి చెప్పి, ఆఖర్న తన పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టాడు. గ్రిమ్, గాంగ్లెరి, హెర్యన్... జనం మధ్య తిరగడం మొదలైనప్పటి నుంచి తనకు ఎప్పుడూ ఒకే పేరు లేదంటాడు. చివరికి తాను ఓడిన్ అని తెలియజేస్తాడు. గైర్రోద్ ఒళ్లో కత్తి సగం ఒరలోంచి బయటికి ఉంది. ఆయన్ని విడిపించాలని గబుక్కున లేచి, జారి, ఆ కత్తి మీదే పడి చనిపోయాడు. ఆగ్నార్ చాలాకాలం రాజ్యమేలాడు.

ఇన్ని పేర్లు ఎందుకని అడిగింది మీరే మొదటివాళ్లు కాదు. ఐస్‌లాండ్‌లో 1220 ప్రాంతంలో స్నోర్రి స్టుర్లుసన్ అనే పండితుడు రాసిన గ్రంథంలో గిల్ఫి అనే రాజు ఇదే ప్రశ్న వేస్తాడు. అతను మారువేషంలో వెళ్లి తన పేరు గాంగ్లెరి అని చెప్పుకుంటాడు. జవాబిచ్చేవాళ్లు ఎత్తైన ఆసనాల మీద కూర్చున్న ముగ్గురు: హార్, యాఫ్న్‌హార్, త్రిది. విచిత్రమేమిటంటే ఈ నాలుగూ ఓడిన్ పేర్లే! అక్కడ వచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. లోకంలో ఎన్నో భాషలున్నాయి, ఏ జాతికి ఆ జాతి తన భాషలో పిలుచుకోవాలని, మొక్కుకోవాలని ఒక పేరు పెట్టుకుంది. మరికొన్ని పేర్లు ఆయన ప్రయాణాల్లో జరిగిన సంఘటనల వల్ల వచ్చాయి, ఆ కథలు తెలియకపోతే నువ్వు తెలివైనవాడివి అనిపించుకోలేవు అంటాడు హార్.

ఇంకో కారణం కవుల దగ్గరుంది. ఆ నార్స్ కవితల్లో పాదాలను కలిపేది పదాల మొదటి అక్షరాల పోలిక. మన పద్యంలో యతి కుదరాలని కవి సూర్యుణ్ణి ఒకచోట భానుడని, ఒకచోట రవి అని అంటాడు కదా, అలాగే వాళ్లకూ ఏ అక్షరానికి కావాలంటే ఆ అక్షరంతో మొదలయ్యే పేరు చేతికి అందాలి. ఐస్‌లాండ్ 1000వ సంవత్సరం ప్రాంతంలో క్రైస్తవంలోకి మారిపోయింది. ఆ తర్వాత ఓడిన్‌కు మొక్కేవాళ్లు లేకపోయినా, పాత కవిత్వం అర్థం కావాలన్నా కొత్తది రాయాలన్నా ఆ పేర్లు తెలియాలి. స్నోర్రి అంత శ్రద్ధగా రాసిపెట్టింది అందుకే.

అన్నీ పొగడ్త పేర్లే అనుకోకండి. బోల్వెర్క్ అంటే చెడ్డపని చేసేవాడు. కవిత్వం చెప్పే శక్తినిచ్చే మధువు ఒక రాక్షసుడి దగ్గర ఉంటే, దాన్ని కాజేయడానికి వెళ్తూ ఓడిన్ తనంతట తాను పెట్టుకున్న పేరు అది. దారిలో గడ్డి కోస్తున్న తొమ్మిదిమంది పనివాళ్ల కొడవళ్లకు పదును పెట్టాడు. ఆ సానరాయి మాకు కావాలంటే మాకు కావాలని అందరూ అడిగారు. దాన్ని పైకి విసిరాడు. దానికోసం ఎగబడి, ఆ కొడవళ్లతోనే ఒకరి గొంతు ఒకరు కోసుకున్నారు. వాళ్ల యజమాని దగ్గర ఎండాకాలమంతా ఆ తొమ్మిదిమంది పనీ తానే చేసి, చివరికి మధువంతా తాగేసి గద్దై ఎగిరిపోయాడు. ఆయన్ని మంచివాడని మీకు చెప్పలేను, పిల్లలూ. చెడ్డపనికి చెడ్డపేరే పెట్టుకుని వెళ్లాడు, ఆ పాత కవులు కూడా దాన్ని దాచలేదు.

హంగాగుద్ అన్న పేరు ఇంకా బరువైనది. ఉరి పడినవాళ్ల దేవుడని అర్థం. రూనులనే అక్షరాల రహస్యం తెలుసుకోవడానికి ఆయన ఈటెపోటుతో, తిండీ నీళ్లూ లేకుండా, తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడాడు. తనను తానే తనకు బలి ఇచ్చుకున్నాడు. ఆ చెట్టు ఇగ్ద్రసిల్ అంటారు. ఇగ్గ్ అంటే భయంకరుడు, అదీ ఓడిన్ పేరే. ఇగ్ద్రసిల్ అంటే ఇగ్గ్ ఎక్కిన గుర్రం అని చాలామంది పండితుల వివరణ, ఎందుకంటే ఆ కవులు ఉరికొయ్యను గుర్రమనేవారు.

ఆయన పేర్లు పెట్టించుకోవడంతో ఊరుకోలేదు, ఇతరులకు పెట్టాడు కూడా. విన్నిలి అనే జాతికి వాండల్స్‌తో యుద్ధం వచ్చింది. తెల్లవారగానే ఎవరు ముందు కంటపడితే వాళ్లకే గెలుపు అన్నాడు దేవుడు. అక్కడ ఆయన పేరు గోడాన్. భార్య ఫ్రేయా (ఫ్రిగ్గ్‌కు అక్కడి పేరు) విన్నిలి ఆడవాళ్లకు ఉపాయం చెప్పింది: జుట్టు ముఖం మీదికి గడ్డంలా దింపుకొని మగవాళ్లతో కలిసి నిలబడమంది. ఆయన లేచి చూసి "ఎవరీ పొడవు గడ్డాలవాళ్లు?" అన్నాడు. "పేరు పెట్టావుగా, ఇక గెలుపు కూడా ఇవ్వు" అంది ఫ్రేయా. పేరు పెట్టినవాళ్లు కానుక ఇవ్వాలని ఆ జాతుల్లో ఆచారం. అలా లాంగోబార్డులు, అంటే పొడవు గడ్డాలవాళ్లు, అయినవాళ్లే తర్వాత ఇటలీకి వెళ్లారు. మిలాన్ ఉన్న లొంబార్డీ ప్రాంతానికి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది.

చిన్నూ, వెన్స్‌డే సంగతి అడిగావు. అది ఇంగ్లండ్‌లో వోడెన్ అని పిలిచిన ఈ దేవుడి రోజే. రోమన్లు ఆ రోజును తమ దేవుడు మెర్క్యురీకి ఇచ్చారు, జర్మానిక్ జాతులు మెర్క్యురీ స్థానంలో వోడెన్‌ను పెట్టుకున్నాయి. మెర్క్యురీ గ్రహాన్ని మనం బుధుడంటాం, కాబట్టి మన బుధవారమూ అదే రోజు. డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో ఇప్పటికీ ఓన్స్‌డాగ్ అంటారు. ఓడిన్ పేర్లన్నీ భద్రంగా దాచిన ఐస్‌లాండ్‌లో మాత్రం అది "వారం మధ్య రోజు" అయిపోయింది!

హార్బర్డ్ కథ కావాలనే చెప్పలేదు. ఏటి అవతలి ఒడ్డున పడవ పట్టుకుని నిలబడ్డ హార్బర్డ్ ఓడినే, ఇవతలి ఒడ్డున దాటించమని అరుస్తున్నది ఆయన కొడుకు థోర్. ఒకరినొకరు ఏమేం తిట్టుకున్నారో, థోర్ ఏరు దాటాడో లేదో చదివి నాకు రాయండి.

మీ తాతయ్య