గదిలో గాలి, సీసాలో మనీ ప్లాంట్

మా వంటింటి కిటికీ గట్టు మీద గాజు సీసాలో మనీ ప్లాంట్ పెంచుతున్నాను. తడిగుడ్డతో ఆకు తుడిస్తే గుడ్డకు నల్లగా జిడ్డు అంటుతుంది. అంతా పోపు పొగ, రోడ్డు దుమ్మే. ఆకు మీదే ఇంత పట్టిందంటే గదిలో గాలి కూడా శుభ్రపడుతోందని చాలా ఏళ్లు నమ్మాను. నర్సరీల్లో ‘ఎయిర్ ప్యూరిఫయర్ మొక్క’ అనే అమ్ముతారు మరి.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. 1989లో నాసా శాస్త్రవేత్త వోల్వర్టన్ బృందం గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలుంచి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికరమైన ఆవిర్లు వదిలింది. ఒక్క రోజులోనే అవి బాగా తగ్గాయి. ఆ పనిలో వేళ్ల చుట్టూ మట్టిలో ఉండే సూక్ష్మజీవుల వాటా పెద్దది.

అయితే మన ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. ఆ రాకపోకలే మొక్క కన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆవిర్లను బయటికి పంపేస్తాయి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కమింగ్స్, వేరింగ్ 2019లో పాత ప్రయోగాలు 196 తీసుకుని లెక్కగట్టారు. మామూలుగా గాలి మారడంతో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట! పదడుగుల గదికి తక్కువ లెక్కన చూసినా 90 దాటతాయి. మంచానికి చోటుండదు.

స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందన్నదీ సగం నిజమే. అది రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తయారవడానికి మాత్రం వెలుతురు ఉండాల్సిందే.

నాకు ఆశ కలిగించింది 2018 నాటి మరో ప్రయోగం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనీ ప్లాంట్‌లోకి కుందేలు జన్యువు ఒకటి చేర్చారు. మన కాలేయంలోనూ ఇదే రకం జన్యువు తయారుచేయించే ప్రొటీన్ విషాలను విరగ్గొడుతుంది. ఆ మొక్క ఉంచిన సీసాలో క్లోరోఫామ్ మూడు రోజుల్లో 82 శాతం తగ్గింది. మామూలు మొక్క ఉన్న సీసాలో దాదాపు అలాగే ఉండిపోయింది. అయినా గదిలో పనిచేయాలంటే గాలిని ఆకుల మీదికి తోసే ఫ్యాన్ ఉండాలి.

అందుకే ఇప్పుడు పోపు వేసేముందు కిటికీ తీస్తున్నాను, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తున్నాను. దోమల కాయిల్ వెలిగించడం మానేశాను. మనీ ప్లాంట్ మాత్రం అక్కడే ఉంది, ఆ పచ్చదనం నాకిష్టం. వారానికోసారి నీళ్లు పారబోసి, సీసా లోపలి అంచును బ్రష్‌తో గట్టిగా రుద్దుతాను. డెంగీ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అక్కడే, నీటి గీతకు కాస్త పైన.