జీవో ఆన్‌లైన్‌లో కనిపించడం హక్కా, ఆనవాయితీయా?

2021 ఆగస్టు మధ్యలో ఆంధ్రప్రదేశ్ సాధారణ పరిపాలన శాఖ నుంచి ఒక మెమో వెళ్లింది. జీవోలను ఇకపై వెబ్‌సైట్‌లో పెట్టవద్దన్నది దాని సారాంశం. 2008 నుంచి నడుస్తున్న ఆ సైట్‌ను అందరూ జీవోఐఆర్ అంటారు. శాఖ, తేదీ, నంబరు ఇస్తే ఉత్తర్వు తెరుచుకునేది. పింఛను లెక్క చూసుకునే ఉపాధ్యాయుడికీ, బిల్లు కోసం తిరిగే కాంట్రాక్టరుకీ, విలేకరికీ అదే ఆధారం. పదమూడేళ్ల పద్ధతిని ఆపడానికి బిల్లు అక్కర్లేదు, చర్చ అక్కర్లేదు, ఒక్క మెమో చాలింది. ఎందుకు చాలిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో నల్లమందు చట్టాన్ని తీర్మానంతో ఆమోదించి ఊరుకుంది. ప్రభుత్వ అధికారిక పత్రిక గెజిట్‌లో వేయలేదు, ఏ రూపంలోనూ జనానికి చెప్పలేదు. ఆ చట్టం కింద ఒకరికి 50 రూపాయల జరిమానా పడితే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జనానికి తెలియజేయని చట్టంతో శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1951లో కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. హర్లా కేసుగా న్యాయవాదులు ఇప్పటికీ దీన్ని ఉదహరిస్తారు. కానీ ఆ సూత్రం చట్టాలకూ నిబంధనలకూ వర్తిస్తుంది. జీవోల్లో ఎక్కువ భాగం చట్టాలు కావు: నిధుల విడుదల, స్థలం కేటాయింపు, బదిలీ, కమిటీ ఏర్పాటు. మన ఊరి చెరువు పక్క స్థలాన్ని ఎవరికో ఇచ్చే ఉత్తర్వు మనల్ని శిక్షించదు, మన బతుకును మాత్రం మార్చేస్తుంది. దానికి గెజిట్ తప్పనిసరి కాదు.

ఈ ఖాళీని పూడ్చడానికే 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ పెట్టారు. ప్రతి కార్యాలయం 17 అంశాలను 120 రోజుల్లో తానే ప్రకటించాలి. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ బయటపెట్టాలి. స్థానిక భాషనూ దృష్టిలో ఉంచుకోవాలి. అడగాల్సిన అవసరమే రాకుండా ఇంటర్నెట్‌తో సహా అన్ని మార్గాల్లో సమాచారం ఇచ్చేందుకు నిరంతరం ప్రయత్నించాలి.

లోపం ‘ప్రయత్నించాలి’ అన్న ఆ మాటలోనే ఉంది. అదే చట్టం 20వ సెక్షన్ కింద రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా పడేది దరఖాస్తుకు జవాబివ్వని సమాచార అధికారి మీద. 4వ సెక్షన్‌ను పాటించని శాఖకు ఆ జరిమానా లేదు. మెమో అంత తేలిగ్గా పనిచేయడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. 4వ సెక్షన్ అమలును కేంద్ర, రాష్ట్ర సమాచార కమిషన్లు నిరంతరం పర్యవేక్షించాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఆదేశించింది. జరిమానా ఖాళీ మాత్రం అలాగే ఉంది.

మెమోకు ముందు రోజుల్లో కొన్ని జీవోలు నంబరూ తేదీ తప్ప విషయం లేకుండా ఖాళీగా ఎక్కాయి. ప్రతిపక్షం గవర్నరుకు ఫిర్యాదు చేసింది, వ్యవహారం హైకోర్టుకూ చేరింది. తర్వాత జీవోలను ఈ-గెజిట్‌లో పెడతామన్నారు. ఎలక్ట్రానిక్ గెజిట్‌కు 2000 నాటి ఐటీ చట్టం 8వ సెక్షన్ చెల్లుబాటు ఇస్తుంది. అయితే అందులోకి అన్ని జీవోలూ రాలేదు. అదే 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు, దళితబంధు కేసు విచారణలో, జీవో వెలువడిన 24 గంటల్లో సైట్‌లో పెట్టాలని ఆ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు చివర్లో జీవోఐఆర్‌ను తిరిగి తెరవాలని నిర్ణయించారు, మధ్య మూడేళ్ల జీవోలూ ఎక్కించాలన్నారు.

సైట్‌లో ఉన్నంత మాత్రాన దొరికినట్టు కాదు. జీవో నంబర్లు ఏటా ప్రతి శాఖలో 1 నుంచి మొదలవుతాయి. ఎంఎస్ (ముఖ్యమైన ఉత్తర్వులు), ఆర్‌టీ (రోజువారీ ఉత్తర్వులు) వరసలు వేరు. ‘జీవో 45’ అంటే ఏమీ చెప్పనట్టే. రాష్ట్రం, శాఖ, వరస, తేదీ నాలుగూ కావాలి. ఇక సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెడితే అది ఫొటో మాత్రమే, అందులో ఒక్క మాటా వెతకలేం. చూపులేనివారికి తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ పుట. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి ఇంకో చిక్కు: ఆ ఫాంట్లు తెలుగు గీతలను ఇంగ్లిష్ అక్షరాల కోడ్ స్థానాల్లో పెడతాయి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ప్రతి భాష అక్షరాలకూ వేరే కోడ్ ఇచ్చే ప్రమాణం యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలునే నేరుగా పీడీఎఫ్ చేసి డిజిటల్ సంతకం పెడితే ఈ ఇబ్బందుల్లో చాలావరకు ఉండవు.

జీవో కనబడకపోతే ముందు అదే విషయం మీద తర్వాత వచ్చిన జీవో తెరవండి. పైభాగంలో సంక్షిప్తం కింద, ‘నిర్దేశం’ దగ్గర పాత జీవోల నంబర్లూ తేదీలూ వరసగా ఉంటాయి. ఆ వివరాలతో సంబంధిత శాఖ సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005 అక్టోబరు 13న వచ్చిన జీవో ఎంఎస్ 454 ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. ‘ఎందుకు పెట్టలేదు’ అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపే వీలుంది. ‘ఫలానా తేదీల మధ్య ఈ శాఖ ఇచ్చిన జీవోల రిజిస్టరు నకలు’ అని అడగండి. అది ఎలక్ట్రానిక్ రూపంలో కావాలని కూడా రాయండి: కంప్యూటర్లో ఉన్న సమాచారాన్ని ఆ రూపంలోనే తీసుకునే హక్కు 2(జె) సెక్షన్‌లో ఉంది.