అండమాన్‌లో మనుషుల్ని తింటారా? పద్నాలుగేళ్లుగా వింటున్న ప్రశ్న

మొన్న మంగళవారం కోడంబాక్కంలో మా ఆఫీసు షట్టర్ సగం లేపానో లేదో, ఫోన్. పెరంబూరు నుంచి ఒకావిడ. జనవరికి వాళ్ళింట్లో ఆరుగురికి అండమాన్ టికెట్లు నేనే తీసిచ్చాను. "మేడమ్, ఇప్పుడు క్యాన్సిల్ చేస్తే ఎంత కట్ అవుతుందండీ?" అన్నారు. ఏమైందమ్మా అంటే, ఆడపడుచు వాట్సాప్‌లో వీడియో పంపిందట. అడవి, విల్లమ్ములు, వెనకాల గుండెలదిరే మ్యూజిక్. "చంటిపిల్లతో వెళ్తున్నాం, అక్కడ మనుషుల్ని తింటారట కదా" అని అడుగుతుంటే ఆవిడ గొంతు వణుకుతోంది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వచ్చిందల్లా ఆ వీడియో చేసినవాడి మీదే. పద్నాలుగేళ్లుగా చెన్నై నుంచి తెలుగు కుటుంబాలను అండమాన్ తీసుకెళ్తున్నాను. ఏటా ఒకరో ఇద్దరో ఇదే భయంతో టికెట్లు రద్దు చేసుకుని, కష్టపడి దాచుకున్న డబ్బు పోగొట్టుకుంటారు.

ఆ వీడియోల్లో చెప్పేది, బయటివాళ్ళను దగ్గరికి రానివ్వని సెంటినలీ తెగ ఉండే నార్త్ సెంటినల్ అనే ఒకే ఒక్క దీవి గురించి. పోర్ట్ బ్లెయిర్‌కి పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దాని చుట్టూ 5 నాటికల్ మైళ్ళ (సుమారు 9 కిలోమీటర్ల) లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. 2018లో ఒక అమెరికన్ జాలరులకు డబ్బిచ్చి దొంగచాటుగా వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. టూరిస్టు బోటు ఏదీ అటు పోదు. అండమాన్ నికోబార్‌లో దీవులు, రాళ్ళగుట్టలు అన్నీ కలిపి 836 అని సర్కారు లెక్క. అందులో ఒక్కదాని కథ పట్టుకుని మొత్తం ప్రాంతాన్ని భూతంలా చూపిస్తున్నారు.

మీరు విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ మామూలు ఊరు. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. మార్కెట్, బళ్ళు, ఇడ్లీ హోటళ్ళు అన్నీ ఉంటాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనం 3.8 లక్షలు. వాళ్ళలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. ఆటో ఎక్కి నేను హిందీలో తంటాలు పడుతుంటే డ్రైవర్ "యే ఊరు మీది?" అని అడిగిన రోజులున్నాయి.

మరి మనుషుల్ని తింటారన్న మాట ఎక్కడిది? పదమూడో శతాబ్దం చివర్లో ఇటలీ యాత్రికుడు మార్కో పోలో, అక్కడివాళ్ళకు కుక్క తలలుంటాయని, చిక్కిన పరాయివాణ్ణల్లా తినేస్తారని చెప్పాడు. కుక్క తలల సంగతి ఇవాళ ఎవరూ నమ్మరు. పక్కనే ఉన్న రెండో ముక్కను మాత్రం ఇప్పటికీ పట్టుకుని వేలాడుతున్నారు. అక్కడి ఆదివాసీ తెగల మధ్య ఏళ్ళ తరబడి ఉన్న బ్రిటిష్ అధికారులే అది కట్టుకథ అని రాశారు.

నన్ను ఇంతకంటే బాధపెట్టే అపోహ ఇంకొకటుంది. "భయమండీ" అన్నవాళ్ళే, ధైర్యం చెప్పాక, రెండో ఫోన్‌లో "జారవాలను చూపిస్తారా?" అని అడుగుతారు. జారవాలంటే అక్కడి అడవిలో బతికే ఒక ఆదివాసీ తెగ. టికెట్ కొంటే చూపించే జూ అనుకుంటున్నారు. కాదు. వాళ్ళ ఇంటి మీదుగా రోడ్డు వేసుకున్నది మనం.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలకు రోడ్డు మీద వెళ్ళాలంటే జారవాల కోసం కేటాయించిన అడవి, జారవా రిజర్వు, దాటాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర చీకట్లోనే బండ్లు బారులు తీరతాయి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా కాన్వాయ్, అంటే బండ్లన్నీ కాపలాతో ఒకే వరుసలో వెళ్ళాలి. బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. ఈ తెగల రక్షణ చట్టం 1956 నాటిది. రోడ్డు పక్కన జారవా ఆడవాళ్ళ చేత డాన్స్ చేయించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా గగ్గోలైంది. ఆ ఏడాదే శిక్షలు పెంచారు. ఇప్పుడు ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. "ఒక్క ఫోటోనే కదా, బతిమాలితే వదిలేస్తారు" అని ఎవరో చెప్పారని ఫోన్ బయటికి తీయకండి.

ఒకసారి నెల్లూరు నుంచి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన మా గ్రూపులో వచ్చారు. జిర్కాటాంగ్ క్యూలో బండి ఆగి ఉండగా ఆయన కాళ్ళ దగ్గర సంచి చూశాను. గ్లూకోజ్ బిస్కెట్లు, రెండు డజన్లు. ముందు రోజు పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్‌లో కొన్నారట. "పాపం ఆకలితో ఉంటారు కదమ్మా, నాలుగు ప్యాకెట్లు విసిరితే పుణ్యం" అన్నారు. చాలా మంచి మనిషి. మా డ్రైవర్‌కి జ్వరమొస్తే తన మాత్రలిచ్చింది ఆయనే.

ఆయన పక్కన కూర్చుని అక్కడి మరో తెగ, గ్రేట్ అండమానీయుల సంగతి చెప్పాను. 1858లో బ్రిటిష్ వాళ్ళు ఖైదీల కాలనీ పెట్టేనాటికి వాళ్ళు కొన్ని వేల మంది. మనవాళ్ళకు మామూలైన రోగాలు వాళ్ళ ఒంటికి కొత్త. 1877లో తట్టు సోకి ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. 1961 జనగణన నాటికి మిగిలింది 19 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో మాట్లాడే ఆఖరి మనిషి 2010లో పోయింది. జారవాలు మనవాళ్ళతో కలవడం మొదలైంది 1997 తర్వాతే. రెండేళ్లు తిరక్కుండా, 1999లో, వాళ్ళకూ తట్టు సోకింది. 2006లో మళ్ళీ. జారవాలు మొత్తం కలిపినా కొన్ని వందల మందే. మన చేతి నుంచి వెళ్ళే బిస్కెట్‌తో పాటు ఏం వెళ్తుందో మనకే తెలియదు.

వాళ్ళది ఆకలి కాదు కూడా. అడవి పంది, చేపలు, తేనె, దుంపలు. ఒక మొక్కను నమిలి ఆ రసం ఒంటికి రాసుకుని, తేనెటీగలు కుట్టకుండా పట్టు దించుకునే నేర్పు వాళ్ళది.

ఆయన ఏమీ మాట్లాడలేదు. సంచి ముడి వేసి నా సీటు కిందకి నెట్టారు. దారిలో ఒకచోట ఇద్దరు పిల్లలు రోడ్డు వారన నిలబడి ఉన్నారు, ఎర్ర పూసల దండలతో. బండిలో అందరూ అటు వంగారు. ఆయన తన పక్కనున్న కిటికీ తెర లాగేశారు. ఆ ఏడాది నుంచి నా ప్యాకేజీల్లో బారాటాంగ్ పెట్టడం మానేశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మనకు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఆధార్ చాలు. "అండమాన్-నికోబార్ ప్యాకేజీ" అని ఎవరైనా అమ్మితే డబ్బు కట్టకండి, నికోబార్‌కి మామూలుగా టూరిస్టులను పంపరు. చెన్నై కంటే సుమారు 50 నిమిషాలు ముందే సూర్యుడు అస్తమిస్తాడు, డిసెంబరులో ఐదింటికే చీకటి. బీచ్‌లో పగడపు ముక్క ఎండిపోయి ఉన్నా సరే జేబులో వేసుకోకండి, వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనబడిపోతుంది. హ్యావ్‌లాక్ దీవి, అదే స్వరాజ్ ద్వీప్, నుంచి వచ్చిన రోజే చెన్నై ఫ్లైట్ పెట్టుకోకండి. గాలి లేస్తే ఫెర్రీ రద్దవుతుంది, ఫ్లైట్ మీ కోసం ఆగదు.

పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ వాళ్ళు స్వాతంత్ర్య యోధులను బంధించిన సెల్యులార్ జైలుతో మన తెలుగువాళ్ళకు సంబంధం లేదనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటిష్ కాలం నాటి కాకినాడ బాంబు కేసులో శిక్ష పడ్డ తెలుగు విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారిని పంపింది అక్కడికే. 1906లో కట్టడం పూర్తయినప్పుడు రెక్కల్లా పరుచుకున్న ఏడు భవనాలు, ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక గదిలోకి వెళ్ళి తలెత్తి చూడండి. వెలుగు వచ్చే కిటికీ ఎంత ఎత్తులో ఉందో అప్పుడు తెలుస్తుంది.

పెరంబూరు ఆవిడకు ఇదంతా అరగంట చెప్పాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశారు. టికెట్ల గురించి కాదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులట, జైలు మేడ మీదికి మెట్లు ఎన్నుంటాయని.