గుజో వీధుల్లో ఆడబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

జులై, ఆగస్టుల్లో జపాన్ వెళ్లే వీలు చిక్కితే గిఫు ప్రాంతంలోని గుజో హచిమాన్‌కు ఒక రాత్రి కేటాయించండి. కొండమీద కోట, కింద యోషిదా నది, మధ్యలో చెక్క ఇళ్ల ఇరుకు వీధులు. జులై నడిమి నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా ముప్పై పైచిలుకు రాత్రులు ఆ వీధుల్లో ఆడే ఆటే గుజో ఓదోరి, అంటే గుజో నృత్యం. పోయిన పెద్దలు ఇంటికొస్తారని జపాన్‌వాళ్లు నమ్మే ఓబొన్ రోజుల్లో, అంటే ఆగస్టు 13 నుంచి 16 దాకా, రాత్రి 8కి మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. 2022లో యునెస్కో గుర్తించిన జపాన్ ఫురియూ ఓదోరి ఆటల్లో ఇదీ ఒకటి.

ఇది కూర్చుని చూసే ఆట కాదు. వీధి నడుమ ఒక చెక్క మండపం నిలుపుతారు. గాయకులు, షామిసెన్ అనే మూడు తీగల వాద్యం, వేణువు, డోలు వాయించేవాళ్లు దానిమీదే ఉంటారు. బతుకమ్మ చుట్టూ తిరిగినట్టు జనమంతా దాని చుట్టూ తిరుగుతారు. వీధి సన్నం కాబట్టి వలయం గుండ్రంగా కాక పొడవుగా సాగిపోతుంది. ఫోన్ పట్టుకుని ఆ దారిలో నిలబడితే వెనకవాళ్లు వచ్చి మీకు తగులుతారు. ఫొటోలు కావాలంటే ఇళ్ల గోడల వైపు జరిగి తీసుకోండి.

మొత్తం పది ఆటలు: కవసకి, కోచో కవసకి, హరుకోమా, సంబ్యాకు, యచ్చికు, గెంగెన్ బరబరా, నెకో నొ కో, సవాగి, జింకు, మత్సుసకా. మీకు రెండు వస్తే ఆ రాత్రికి చాలు. కవసకి నెమ్మదైనది, అందరికీ తెలిసినది, దాంతో మొదలుపెట్టండి. హరుకోమాలో గుర్రం కళ్లెం లాగినట్టు చేతులాడిస్తారు. వేగం ఎక్కువ, కుర్రాళ్లకు అదే ఇష్టం. సంబ్యాకు అంటే మూడు వందలు. 1754లో పన్నుల మీద ఇక్కడి రైతులు తిరగబడ్డారు, 1758లో ప్రభువు పదవే పోయింది. తర్వాత వచ్చిన అవొయామా ప్రభువు తనకు స్వాగతం పలికినవాళ్లకు తలా మూడు వందల మోన్ నాణేలు పంచాడని, ఆ ఆట పేరు అలా వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. నన్నడిగితే, తిరుగుబాటు చేసినవాళ్ల పేరు మీదే ఒక ఆట ఉండాల్సింది.

నేర్చుకునే పద్ధతి చెబుతాను. ప్రతి ఆటా చిన్న అడుగుల వరుసే, అదే తిరిగి తిరిగి వస్తుంది. మొదటి నాలుగైదు చుట్లు చేతులు వదిలేసి పాదాలు మాత్రమే చూడండి. కొత్తవాళ్లంతా చేతులతో మొదలుపెడతారు, పాదం తప్పుతుంది, దాంతో చేయీ తప్పుతుంది. అరిగిన పాదుకలు వేసుకున్న ఊరి పెద్దావిడ ఎవరైనా కనిపిస్తే మధ్యలో ఇద్దరిని వదిలి ఆమె వెనక చేరండి. మరీ దగ్గరైతే నడుము తప్ప పాదాలు కనిపించవు. అడుగు తప్పినా ఆగకండి, నడుస్తూనే ఉండి వరుస మళ్లీ మొదలైనప్పుడు అందుకోండి. పగలు గుజో హచిమాన్ హకురాంకన్ అనే ప్రదర్శనశాలలో ఆట చేసి చూపిస్తారు, ముందు అక్కడికి వెళితే రాత్రి సగం పని తేలిక.

గేతా అనే కొయ్య పాదుకల టకటకలు కూడా వాద్యంలో భాగమే. బూట్లతో ఆడినా ఎవరూ వద్దనరు, కానీ ఆ చప్పుడు రాదు. కొత్త గేతా పట్టీలు బిగుతుగా ఉంటాయి. సాయంత్రమే చేత్తో లాగి కాస్త వదులు చేయండి. పట్టీని వేళ్ల సందులోకి పూర్తిగా తొయ్యకండి, కొంచెం ఖాళీ ఉండాలి. లేకపోతే గంటలో చర్మం లేచిపోతుంది. మడమ ఒక సెంటీమీటరు వెనక్కి వస్తే పాదుక చిన్నదైందనుకోకండి, అది అలాగే ఉంటుంది. తలా నాలుగు బ్యాండెయిడ్లు దగ్గర పెట్టుకోండి.

యుకతా అనే వేసవి నూలు అంగీ కట్టుకుంటే ఎడమ అంచు కుడిదాని పైకి రావాలి. తిరగేసి కట్టేది శవానికే, పెద్దవాళ్లు చూస్తే వెంటనే సరిచేస్తారు. మామూలు బట్టలతో ఆడినా తప్పులేదు.

ఆట స్థలం రాత్రి రాత్రికీ మారుతుంది, వెళ్లేముందు ఆ ఏటి పట్టిక చూసుకోండి. నగొయా నుంచి బస్సుంది. మినో ఓతా నుంచి నగరగవా రైలెక్కితే గంటన్నరలోపే, స్టేషన్ నుంచి పాత ఊరు ఇరవై నిమిషాల నడక. ఆట ముగిసేసరికి రైళ్లుండవు. ఓబొన్ నాలుగు రోజులకు గదులు నెలల ముందే అయిపోతాయి, ఆలస్యమైతే ఆగస్టు చివరి శనివారం చూసుకోండి.

దాహమేస్తే సోగిసుయి ఊట ఉంది. నీళ్లు మెట్టు మెట్టుగా దిగుతాయి: పై తొట్టి తాగడానికి, కిందివి కూరగాయలూ గిన్నెలూ కడగడానికి. కింది తొట్టిలో తాగకండి, పై తొట్టిలో చెయ్యి పెట్టకండి. ఊరి పిల్లలు వంతెన మీంచి నదిలోకి దూకుతుంటారు. సుమారు పన్నెండు మీటర్ల ఎత్తు. వాళ్లకు లోతు తెలుసు, మీకు తెలియదు. ఎంత బతిమాలినా మీరు దూకకూడదు.

బాగా ఆడేవాళ్లను గుర్తించి ఆట సంరక్షణ సంఘంవారు యోగ్యతాపత్రం ఇస్తారు. ఒక్కో రాత్రి ఒక్కో ఆటనే పరీక్షిస్తారు, ఏదో ముందే అడిగి తెలుసుకోండి. డోలు, షామిసెన్ ఆగి, చిడతల్లాంటి చెక్కల చప్పుడుతో పాట ఒక్కటే వినిపిస్తే అది మత్సుసకా, ఆ రాత్రికి చివరి ఆట. అప్పటికి మీ నీళ్ల సీసాలూ చెప్పులూ వెతుక్కుని ఉంచుకోండి, ఆ తర్వాత జనం ఒక్కసారిగా కదులుతారు.

మీ తాతయ్య